పురుగుకి కుడి ఎడమల తేడా తెలుసు

తెలుగులో వాసనలకి పేర్లు తక్కువేం కాదు. కమ్మటి వాసన, మాడు వాసన, పచ్చి వాసన, నీచు వాసన, ముక్క వాసన, చమురు వాసన. కాస్త ఆగి చూస్తే వీటిలో చాలావరకు వస్తువు పేరో, అది వండిన తీరో అరువు తెచ్చుకున్నవే. మాడింది కాబట్టి మాడు వాసన, ముక్కిపోయింది కాబట్టి ముక్క వాసన. రంగు సంగతి అలా కాదు. ఎరుపుకీ నీలానికీ మధ్య తేడాని తరంగదైర్ఘ్యంతో అంకెల్లో చెప్పేయొచ్చు. షడ్జమానికీ పంచమానికీ మధ్య తేడాని సెకనుకి ఎన్ని కంపనాలో లెక్కపెట్టి చెప్పొచ్చు. మరి మల్లెకీ మాడిన పాలకీ తేడాని ఏ అంకెతో చెప్పాలి?

ఈ ప్రశ్న పట్టుకుని జీవితంలో పెద్ద భాగం గడిపిన ఒక రసాయనవేత్త నేనుండే ఊరికి దగ్గర్లోనే పనిచేశాడు. పేరు రాబర్ట్ హెచ్. రైట్. వాంకూవర్‌లో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో అప్పట్లో ఉన్న బ్రిటిష్ కొలంబియా రీసెర్చ్ కౌన్సిల్ ఆయన పనిచేసిన చోటు. ఆయన చెప్పిన సమాధానం నిలబడలేదు. అది ఎందుకు నిలబడలేదో తేల్చినవాటిలో ఒకటి, అదే మహానగరంలో ఇంకో కొండ మీద, బియ్యపు గింజ కంటే చిన్న పురుగు. ఆ పురుగు కథకీ, మన పత్తి చేలల్లో వేలాడే లింగాకర్షక బుట్టకీ చుట్టరికం ఉందని చదువుతుంటే తెలిసింది. అందుకే ఈ వ్యాసం.

వాసనకి ట్యూనింగ్

అణువు అంటే బొమ్మల్లో చూపించినట్టు బిగుసుకుని కూర్చునే వస్తువు కాదు. పరమాణువులు చిన్న చిన్న గుండ్లనుకుంటే, వాటి మధ్య బంధాలు స్ప్రింగుల్లాంటివి. ఎప్పుడూ ఊగుతూ, వంగుతూ, మెలితిరుగుతూ ఉంటాయి. ఒక్కో అణువుకీ తనదైన కంపనాల జాబితా ఉంటుంది. పరారుణ కాంతితో ఆ జాబితాని కొలవచ్చు. ముక్కు కూడా రేడియోలాగా ఈ కంపనాలకి ట్యూన్ అవుతుందేమో అని 1938లో మాల్కం డైసన్ అనే బ్రిటిష్ రసాయనవేత్త ఊహించాడు. 1954లో రైట్ ఆ ఊహని తీసుకుని మెరుగుపెట్టాడు. అన్ని కంపనాలూ కాదు, అణువు మొత్తం నెమ్మదిగా ఊగే తక్కువ పౌనఃపున్యాలే వాసనని నిర్ణయిస్తాయన్నాడు. 1964లో వాసన శాస్త్రం మీద ఒక పుస్తకమే రాశాడు.

సిద్ధాంతాన్ని పరీక్షించాలంటే ముక్కు కావాలి. మనిషి ముక్కుతో చిక్కేమిటంటే, వాసన చూపించి అడిగితే ఒకరు "పువ్వులా ఉంది" అంటారు, ఇంకొకరు "సబ్బులా ఉంది" అంటారు. పురుగుకి ఈ మొహమాటం లేదు. వాసన నచ్చితే వస్తుంది, లేకపోతే రాదు. రైట్ అందుకే పురుగుల వైపు తిరిగాడు. దోమలు ఎందుకు పారిపోతాయి, ఈగలు దేనికి ఆకర్షితమవుతాయి, ఆ పదార్థాల కంపనాల్లో ఏమైనా పోలిక ఉందా అని వెతికాడు.

కాలం కూడా కలిసొచ్చింది. 1959లో జర్మనీలో అడాల్ఫ్ బ్యూటెనాండ్ట్ బృందం దాదాపు 20 ఏళ్ళ శ్రమ తర్వాత, సుమారు 5 లక్షల ఆడ పట్టుపురుగు చిలుకల నుంచి, మగవాటిని పిలిచే పదార్థాన్ని కొద్ది మిల్లీగ్రాములు వేరుచేసింది. దానికి బాంబికాల్ అని పేరు పెట్టారు. ధర్మవరం చీర నేసే దారం ఇచ్చే అదే పురుగు, కీటకాల వాసనలకి మొదటి అక్షరం కూడా అయింది. 1962లో రేచల్ కార్సన్ పుస్తకం వచ్చాక పురుగుమందుల మీద జనానికి భయం పట్టుకుంది. 1964లో రైట్ 'నేచర్' పత్రికలో, పురుగుమందుల తర్వాత ఏమిటి అన్న ప్రశ్న వేస్తూ, పురుగుని చంపక్కర్లేదు, దాని కబుర్లని కల్లోలం చేస్తే చాలు అని వాదించాడు. తప్పుడు సమయంలో తప్పుడు సంకేతం ఇచ్చి పురుగు ప్రవర్తనని మార్చే పదార్థాలకి 'మెటార్కాన్' అని పేరు కూడా పెట్టాడు. పేరు జనం నోళ్ళలో నిలవలేదు. ఆలోచన మాత్రం నిలిచింది, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

అద్దం తెచ్చిన చిక్కు

మీ రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. రెండింటికీ ఐదేసి వేళ్ళు, అవే పొడవులు, అవే కీళ్ళు. అయినా కుడి చేతి గ్లవ్ ఎడమ చేతికి సరిపోదు. కొన్ని అణువులూ ఇంతే. రెండు రూపాలుంటాయి, ఒకటి ఇంకొకదానికి అద్దంలో ప్రతిబింబం. కాంతిని ఒకటి కుడికి తిప్పుతుంది, ఇంకొకటి అంతే మేరకి ఎడమకి తిప్పుతుంది. ఇక్కడ వాటిని కుడి రూపం, ఎడమ రూపం అనుకుందాం.

ఇప్పుడు రైట్ సిద్ధాంతానికి వచ్చిన ఇబ్బంది చూడండి. ప్రతిబింబ రూపాల్లో స్ప్రింగులూ అవే, గుండ్లూ అవే. కాబట్టి కంపనాలు కచ్చితంగా ఒకటే. కంపనమే వాసన అయితే రెండింటి వాసనా ఒకటే కావాలి. 1971లో కార్వోన్ అనే పదార్థం మీద వేర్వేరు బృందాలు ఈ పరీక్ష చేశాయి. ఎడమ రూపం పుదీనా వాసన, కుడి రూపం కారవే గింజల వాసన (కారవే మన జీలకర్రకి దగ్గరి చుట్టం). మనిషి ముక్కే తేడా పట్టేసింది. అయినా మనిషి సాక్ష్యం కదా, శుద్ధి సరిగా ఉందా లేదా అన్న అనుమానానికి ఎప్పుడూ తావుంటుంది. పురుగు ఏమంటుందో?

వాంకూవర్‌ని ఆనుకుని ఉన్న బర్నబీ కొండ మీద 1965లో సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయం మొదలైంది. అక్కడ జాన్ బోర్డెన్ అనే కీటక శాస్త్రవేత్త కలప పురుగుల మీద పనిచేసేవాడు. బ్రిటిష్ కొలంబియాకి కలపే పెద్ద పంట. దానికి తగులుకున్న చీడల్లో ఆంబ్రోసియా బీటిల్స్ ఒకటి. ఇవి చెక్కని తినవు. నరికిన దుంగలో సన్నని సొరంగాలు తొలిచి, తమ వెంట తెచ్చుకున్న బూజుని లోపల సాగు చేసి, ఆ పంట తింటాయి. పురుగు తన వ్యవసాయం తను చేసుకుంటుంది, మధ్యలో మన కలప పాడవుతుంది. సూది మొనంత రంధ్రాలు, చుట్టూ నల్లటి మరక. అలాంటి పలకని మంచి ధరకి ఎవరూ కొనరు.

వీటిలో నాథోట్రైకస్ సల్కేటస్ అనే జాతిలో మగ పురుగు ముందుగా దుంగలోకి దిగి, ఒక వాసనతో మిగతావాళ్ళని పిలుస్తుంది. 1974లో బోర్డెన్‌తో కలిసి న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఉన్న రాబర్ట్ సిల్వర్‌స్టీన్, కె.జె. బర్న్ మొదలైన రసాయనవేత్తలు ఆ వాసన ఏమిటో తేల్చారు. సల్కటాల్ అని పేరుపెట్టిన చిన్న ఆల్కహాల్ అది. పురుగు దాన్ని రెండు చేతులతోనూ తయారు చేస్తుందని తేలింది. కుడి రూపం 65 శాతం, ఎడమ రూపం 35 శాతం.

ఆ తర్వాత టోక్యోలో కెంజీ మోరి ఆ రెండు రూపాలనీ విడివిడిగా సంశ్లేషించాడు. బోర్డెన్, కీత్ స్లెసర్, మోరి తదితరులు వాటిని పురుగుల ముందు పెట్టి, 1976లో 'సైన్స్' పత్రికలో ఫలితం ప్రకటించారు. కుడి రూపం ఒక్కటే పెడితే పురుగు రాలేదు. ఎడమ రూపం ఒక్కటే పెట్టినా రాలేదు. రెండూ కలిపి పెడితే వచ్చింది.

కార్వోన్ కంటే ఇది ఒక అడుగు ముందుకి. అక్కడ ముక్కు రెండు చేతుల మధ్య తేడా చెప్పింది. ఇక్కడ పురుగు రెండు చేతులూ కలిస్తేనే తలుపు తీస్తానంటోంది. అంటే ఆ పురుగులో కుడి రూపాన్ని పట్టే ఏర్పాటు ఒకటి, ఎడమ రూపాన్ని పట్టేది ఇంకొకటి వేరువేరుగా ఉండాలి. కొన్నేళ్ళకే దీని దాయాది జాతి నాథోట్రైకస్ రెటూసస్ సంగతి కూడా బయటపడింది. దానికి కుడి రూపం ఒక్కటే కావాలి, ఎడమ రూపం కలిపితే అది వెనక్కి తగ్గుతుంది. మా వృత్తి భాషలో చెప్పాలంటే మొదటిది 'అండ్' గేటు, రెండోది 'కుడి ఉండాలి, ఎడమ ఉండకూడదు' అన్న షరతు. ఒకే అడవిలో ఒకే రకం దుంగల మీద బతికే రెండు జాతులు ఒకదాని పిలుపుకి ఇంకొకటి పోకుండా ఇలా హద్దు గీసుకున్నాయి. ఆ హద్దు కంపనాల జాబితాలో ఎక్కడా కనపడదు. అణువు ఆకారంలోనే ఉంది.

కంపన సిద్ధాంతం పూర్తిగా పోలేదు. 1996లో లూకా ట్యూరిన్ దాన్ని కొత్త రూపంలో మళ్ళీ లేవనెత్తాడు. వాదన సాగింది కానీ ఎక్కువమంది శాస్త్రవేత్తలు ఆకారం వైపే ఉన్నారు.

వెంట్రుకలో ఏం జరుగుతుంది

ఆకారాన్ని పట్టే ఆ ఏర్పాటు ఏమిటన్నది తర్వాతి నలభై ఏళ్ళలో ఒక్కో ముక్కగా తెలిసింది. పురుగు ముక్కు దాని మీసమే. మీసం నిండా కంటికి కనపడని సన్నని వెంట్రుకలు, వాటికి సూక్ష్మ రంధ్రాలు. వాసన అణువు ఆ రంధ్రంలోంచి లోపలికి వస్తే ఎదురయ్యేది నీళ్ళలాంటి ద్రవం. చిక్కేమిటంటే ఈ అణువులు చాలావరకు నూనె స్వభావం ఉన్నవి, నీటిలో కలవవు. 1981లో రిచర్డ్ వోగ్ట్, లిన్ రిడిఫర్డ్ ఆ ద్రవంలో ఒక ప్రోటీన్ ఉందని చూపించారు. అది అణువుని తన లోపలి గుంటలో కూర్చోబెట్టుకుని ఏరు దాటించే తెప్పలా పనిచేస్తుంది. ఈ తెప్పలకి కూడా కుడి ఎడమల పట్టింపు ఉంది. జిప్సీ మాత్ అనే అడవి చీడలో రెండు రకాల తెప్పలున్నాయని, ఒకటి కుడి రూపాన్ని, ఇంకొకటి ఎడమ రూపాన్ని ఎక్కువగా పట్టుకుంటాయని ఎరికా ప్లెట్నర్ తదితరులు 2000లో చూపించారు. ఆవిడ తర్వాత అదే బర్నబీ కొండ మీద ఈ పని కొనసాగించారు.

అవతలి గట్టున నాడీకణం మీద గ్రాహకాలుంటాయి. కీటకాల్లో వాటి జన్యువులు మొదట 1999లో పండు ఈగలో దొరికాయి. 2004లో బాంబికాల్‌ని పట్టే పట్టుపురుగు గ్రాహకం జపాన్‌లో తేలింది. క్షీరదాల్లో గ్రాహకం అంటే తలుపు కొట్టి లోపలికి కబురు పంపే నౌకరు. కీటకంలో అలా కాదని 2008లో తెలిసింది. ఇక్కడ గ్రాహకమే తలుపు. అన్ని వాసనలకీ ఉమ్మడిగా ఉండే ఓర్కో అనే ప్రోటీన్‌తో జతకట్టి, సరైన అణువు కూర్చోగానే తెరుచుకుని విద్యుదావేశాన్ని లోపలికి వదులుతుంది. 2018లో ఓర్కో ఆకృతిని పరమాణువుల స్థాయిలో చూడగలిగారు. నాలుగు ముక్కలు కలిసి నడుమ ఒక సన్నని దారి.

అదే చేతులు, మన పత్తి పురుగు

సల్కటాల్ తేల్చిన పత్రంలోని బర్న్, సిల్వర్‌స్టీన్ పేర్లు గుర్తుంచుకోమనలేదు, కానీ ఇప్పుడు కావాలి. దానికి ఒక్క ఏడాది ముందు, 1973లో, అదే ఇద్దరూ కాలిఫోర్నియాలోని హుమ్మెల్, గాస్టన్, షోరీ మొదలైనవాళ్ళతో కలిసి ఇంకో చిక్కుముడి విప్పారు. అది పత్తి గులాబీ రంగు పురుగుది. ఈ పురుగు శాస్త్రలోకానికి మొదట తెలిసింది మన దేశం నుంచే. గుజరాత్‌లోని భరూచ్ నుంచి వెళ్ళిన నమూనాలతో 1843లో సాండర్స్ దీన్ని వర్ణించాడు.

1966లో ఈ పురుగు ఆడదాని వాసన దొరికిందని ప్రకటించారు, ప్రోపిల్యూర్ అని పేరూ పెట్టారు. కానీ శుద్ధంగా తయారుచేసి చేలో పెడితే మగ పురుగులు అటు తొంగి చూడలేదు. ఏళ్ళ తరబడి తర్జనభర్జన. 1973లో అసలు సంగతి బయటపడింది. అది ఒక పదార్థం కాదు, రెండు. రెండింటిలోనూ 16 కార్బన్ల గొలుసు, అవే చోట్ల రెండు జంట బంధాలు. తేడా అల్లా రెండో జంట బంధం దగ్గర గొలుసు ఒకే వైపు మలుపు తిరుగుతుందా, ఎదురు వైపు సాగుతుందా అన్నదే. ఈ రెండింటి ఇంచుమించు సమాన మిశ్రమమే ఆ ఆడ పురుగు పిలుపు. దానికి గాసిప్ల్యూర్ అని పేరు వచ్చింది. 1978లో అమెరికాలో, జత కలవకుండా చేలంతా ఈ వాసనే నింపే పద్ధతికి అనుమతి ఇచ్చారు. మగదానికి ఏ దిక్కున చూసినా ఆడదాని పిలుపే, అసలు ఆడది ఎక్కడో తెలియదు. రైట్ 1964లో కల్లోలం చేద్దామన్నది సరిగ్గా ఇదే. ఇప్పుడు మన పత్తి మొక్కలకి కడుతున్న వాసన తాళ్ళు ఆ పద్ధతికి వారసులు.

పేరు తెలిసినంత మాత్రాన పని అయిపోదు. మలుపుల నిష్పత్తి సరిగా ఉండాలి. అక్కడే మన రైతుకి సంబంధించిన అసలు సంగతి ఉంది.

ఖాళీ బుట్టని నమ్మొచ్చా

బీటీ పత్తి మొదట్లో గులాబీ రంగు పురుగుని బాగానే ఆపింది. 2010లో గుజరాత్‌లో మొదటి తరం బీటీకి పురుగు తట్టుకుంటోందని తేలింది. మరో ఐదేళ్ళకి రెండో తరానిదీ అదే దారి. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో పత్తి వేసే ప్రతివాడూ లింగాకర్షక బుట్టలు కట్టమన్న సలహా వినే ఉంటాడు. బుట్టకి 8 చొప్పున వరసగా మూడు రోజులు మగ పురుగులు పడితే మందు కొట్టే సమయం వచ్చినట్టు. గుడ్డి పూలు, పుచ్చు కాయలు పది శాతం దాటినా అంతే.

పల్నాడులో మా మేనమామ నాలుగెకరాలు పత్తి వేస్తాడు. ఒక ఏడు కొత్తగా కొన్న ఎరలు బుట్టల్లో పెట్టాడు. మూడు వారాలు బుట్టలు ఖాళీ. "ఈ ఏడు పురుగు లేదురా, మందు ఖర్చు మిగిలింది" అని ఫోన్లో సంబరపడ్డాడు. నాలుగో వారం పక్క చేలాయన కాయ కోసి చూపిస్తే లోపల గులాబీ రంగు పురుగు, గింజ తినేసి ఉంది. అప్పుడు తన చేలో కోసి చూస్తే అంతకంటే ఎక్కువ. ఆ ఎర ప్యాకెట్ ఫొటో పెట్టమని అడిగాను. ఏ తేదీన తయారైందో, ఏ నిష్పత్తిలో కలిపారో ఎక్కడా కనపడలేదు. తప్పు తయారీలో జరిగిందో, దుకాణంలో ఎండలో మగ్గిందో తేల్చే దారి లేదు. ఆ కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఆ ఏడు పత్తి తీత కూలి కూడా సరిగా రాలేదు.

ఖాళీ బుట్టకి రెండు అర్థాలున్నాయి. చేలో పురుగు లేదు, లేదా బుట్టలో వాసన లేదు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ప్రోపిల్యూర్ పెట్టిన శాస్త్రవేత్తలకీ ఖాళీ బుట్టే ఎదురైంది, కానీ వాళ్ళకి ఎదురుచూసే వీలుంది. రైతుకి మూడు వారాలు పోతే పంట పోయినట్టే.

ఈ చిక్కుని కెనడాలోనే ఒకచోట చక్కగా దాటారు. బ్రిటిష్ కొలంబియా లోపలి భాగంలో ఒకనాగన్ లోయ ఆపిల్ తోటలకి పేరు, అక్కడి తోటల్లో చాలావాటి యజమానులు పంజాబీలు. ఆపిల్‌ని తొలిచే కాడ్లింగ్ మాత్ వాసనని 1971లో వెండెల్ రోలోఫ్స్ బృందం పట్టుకుంది. 1992లో మొదలైన కార్యక్రమం కింద ఒసోయూస్ అనే ఊళ్ళో ఈ పురుగుల్నే పెంచి, గామా కిరణాలతో సంతానం లేకుండా చేసి, తోటల్లో వదిలారు. వాటితో జతకట్టిన తోట పురుగులకి పిల్లలు పుట్టవు. పెంచేటప్పుడు మేతలో ఎర్ర రంగు కలిపేవారు, కాబట్టి బుట్టలో పడిన పురుగుని నలిపి చూస్తే లోపల ఎరుపు కనపడితే అది వదిలింది, లేకపోతే తోటది.

ఆ రంగు పెట్టింది లెక్క కోసమే. కానీ దానివల్ల ఇంకో మేలుంది. బుట్టలో ఎర్ర పురుగులు పడుతూ, తోట పురుగులు పడకపోతే, వాసన పనిచేస్తోందనీ తోటలో చీడ తగ్గిందనీ రెండూ ఒకేసారి తెలుస్తాయి. ఒకనాగన్ రైతు చూసిన బుట్ట తన మాట నిజమని తనే రుజువు చూపించింది. మా మామయ్య బుట్టకి అలాంటి సాక్షి లేడు.

గుంటూరులోనూ వరంగల్‌లోనూ రేపే పురుగుల్ని పెంచి వదలమని నేననను, అది ప్రభుత్వాలు తలపెట్టాల్సిన పని. అంతకంటే చిన్న సాక్ష్యాలు ఉన్నాయి. పురుగు మీసాన్ని రెండు తీగల మధ్య పెట్టి, వాసన ఊది, విద్యుత్తు పుట్టిందా లేదా చూసే పద్ధతిని 1957లోనే జర్మనీలో డీట్రిచ్ ష్నైడర్ చేసి చూపించాడు. అమ్మే ప్రతి ఎర సరుకు నుంచీ ఒక నమూనా తీసి అలా పరీక్షించొచ్చు. ప్యాకెట్ మీద రెండు రూపాల నిష్పత్తి, తయారైన తేదీ, ఎన్నాళ్ళు పనిచేస్తుందో తెలుగులో అచ్చు వేయొచ్చు. ఇవి జరిగేదాకా రైతు చేతిలో ఉన్నది ఇంకా చిన్నది. ఒకే చేలో రెండు వేర్వేరు చోట్ల కొన్న ఎరలు కట్టడం, ఒకటి పడుతూ ఇంకొకటి ఖాళీగా ఉంటే అనుమానించడం, బుట్ట ఏం చెప్పినా వారానికోసారి చేనంతా తిరిగి ఇరవై కాయలు కోసి చూడటం.

మామయ్య ఇప్పుడు అలాగే చేస్తున్నాడు. కోసిన కాయల లెక్క క్యాలెండర్ మీద, తిథి పక్కన రాసుకుంటున్నాడు.